పుణ్యము పూచీ పడునా?

ధనము నార్జించుట యొక విద్య. ఆర్జించిన దానిని కాపాడుకొనుట వేరొక విద్య. మొదటి దానిని మన పాఠశాలలును కళాశాలలును నేర్పుచున్నవి. రెండవ దానిని నేర్పువారు లేరు. అందుచేత చదువుకొన్న కుటుంబీకులు సైతము ముప్పది యేండ్లు శ్రమించి కూడబెట్టిన సొమ్మును పరుల చేతిలో పెట్టునపుడు, కూరగాయల బేరమునందు చూపునంతటి పరిశీలనమైనను చూపకుండుట కన్నులార చూచుచున్నాము. వంకాయను నాలుగు ప్రక్కల త్రిప్పి పుచ్చు లేదని తెలిసికొనినగాని సంచిలో వేయనివారు, ఐదు లక్షల ఋణపత్రమును రంగుల బొమ్మ నొకదానిని చూచి కొనుచున్నారు. ఇందుకు కారణమేమి? ఆశ యందురు కొందరు. ఆశ యొక్కటియే కారణమైనచో మేమీ వ్యాసము వ్రాయవలసిన పని లేదు. దానిని గూర్చి పెద్దలు చెప్పవలసినదంతయు చెప్పియే యున్నారు. ఆశకు ధర్మబుద్ధి తోడైనపుడు కలుగు ప్రమాదమును గూర్చి మాత్రమే యిచట విచారింపదలచితిమి.

ఈ కాలమున హరిత ఋణపత్రములు లేక గ్రీన్ బాండ్లు అను మాట తఱచుగా వినబడుచున్నది. గాలిమరలు, సౌరఫలకములు, అడవుల పెంపకము, మురుగునీటి శుద్ధి మున్నగు ప్రకృతికి మేలు చేయు పనులకై సొమ్ము అప్పు తీసికొని, ఇంత వడ్డీతో ఇన్నియేండ్లకు తీర్చెదమని వ్రాసి యిచ్చు పత్రములకు అది పేరు. ఇవి రెండు విధములు. షేరు మార్కెటులో నమోదై పదుగురి నడుమ క్రయవిక్రయములు జరుగునవి కొన్ని. అట్టి నమోదు లేక, కంపెనీవారు తామే గాని, తమ ఏజెంట్ల మూలమున గాని అమ్మునవి కొన్ని. రెండవ తెగవారే సాధారణముగా అధికమైన వడ్డీని ప్రకటింతురు.

భేదము తెలియుట కొక ఉపమానము చెప్పెదము. ఒకడు సంతలో ఆవును కొనెననుకొందము. అక్కర కలిగిననాడు దానిని మరల సంతకు తోలుకొనిపోయి అమ్ముకొనవచ్చును. ధర కొంత తగ్గినను సొమ్ము చేతికి వచ్చును. పదుగురు చూచు చోటు గనుక అది యెన్ని పాలిచ్చునో, ఎన్ని యీతలు ఈనినదో నలుగురి నోట తెలియును. నమోదైన పత్రము ఇట్టిది. నమోదు కాని పత్రము సంతకు తోలరాని ఆవు. దాని ధర అమ్మినవాడు చెప్పినదే. దాని పాడి అమ్మినవాడు చెప్పినదే. ఇంటిలో జబ్బు చేసిననాడు, పెండ్లి కుదిరిననాడు దానిని మరల కొనువాడు కలడో లేడో దైవమున కెఱుక. నమోదైన పత్రములన్నియు క్షేమకరములని మా యభిప్రాయము కాదు. సంతలోను గొడ్డుటావులుండును. కాని వెలుతురులో కొనుటకును చీకటిలో కొనుటకును భేదము కలదు.

ఇక హరిత కార్యములు మంచివా కావా యను సందేహమును మేము లేవనెత్తుట లేదు. భూమి వేడెక్కుచున్నదనుటయు, బొగ్గును నూనెను కాల్చుట తగ్గవలెననుటయు శాస్త్రజ్ఞులు నిర్ధారించిన విషయములు. గాలినుండియు ఎండనుండియు విద్యుత్తు తీయువారు లోకోపకారమే చేయుచున్నారు. మా ప్రశ్న వేరు: పని మంచిదైనంత మాత్రమున, ఆ పని పేర తీసికొన్న అప్పునకు ఆ మంచితనము పూచీ పడునా?

పడదని నోటితో అందరును చెప్పుదురు. చేతలలో మాత్రము పడునట్లే నడచుకొందురు. మామూలు లోభికి ఒక రక్షణ కలదు. అధికవడ్డీకి సొమ్ము పెట్టునపుడు వాని మనస్సాక్షి, "ఓయీ, ఇది పేరాశ కాదా?" యని యొకమారైనను గొణుగును. ఆ గొణుగుడు వినియైనను వాడు కొంత నిదానించును. హరిత పత్రమును కొనువానికి ఆ రక్షణ కూడ లేదు. నూటికి 12 రూపాయల వడ్డీని కోరుచుండగనే, "నేను మనుమల కాలమునకు స్వచ్ఛమైన గాలిని మిగుల్చుచున్నాను" అని వాని మనస్సాక్షి వాని వీపు తట్టుచున్నది. ఇంటి కావలికుక్క దొంగను చూచి తోక యాడించినట్లయినది. వివేకము నిద్రించుటకు లోభ మొక్కటి చాలదు. దానికి పుణ్యమను పట్టుపఱుపు కూడ దొరికినపుడు నిద్ర గాఢమగును.

వడ్డీ యనగా నేమో మొదట తెలిసికొనవలెను. వడ్డీ కాలమునకు మాత్రమే ధర కాదు, అపాయమునకును ధర. బ్యాంకు నూటికి 7 రూపాయలిచ్చుచుండగా ఒక కంపెనీ 12 ఇచ్చెదననుచున్నదనుకొందము. ఐదు లక్షలు పెట్టినవానికి ఏటికి అదనముగా వచ్చునది 25,000 రూపాయలు. అసలు పోయిననాడు పోవునది ఐదు లక్షలు. అనగా ఇరువది యేండ్ల అదనపు వడ్డీ ఒక్కనాటితో పోవును. ఇంకొక విధముగా లెక్కింపుడు. ఇరువది కంపెనీలకు తలకొక లక్ష చొప్పున ఇరువది లక్షలు ఇచ్చితిమనుకొందము. ఏడాదిలో ఒక్క కంపెనీ మునిగి, వడ్డీయు అసలును పోయినచో, మిగిలిన పందొమ్మిదింటినుండి వచ్చు వడ్డీ 2,28,000; పోయిన అసలు లక్ష; మిగులు 1,28,000. బ్యాంకులో నున్నచో వచ్చెడిది 1,40,000. ఇరువదింటిలో ఒక్కటి చెడినను 12 కంటె 7 పెద్దదగుచున్నది! అందును బ్యాంకు డిపాజిటుకు 2020 నుండి ఒక్కొక్కరికి, ఒక్కొక్క బ్యాంకునందు ఐదు లక్షల వరకు భీమా కలదు. కంపెనీ ఋణపత్రమున కట్టిది లేదు. అసలు కంటె వడ్డీ ముద్దు అను సామెత మనుమలను ముద్దాడు తాతలకు చెల్లును గాని, సొమ్ము పెట్టువారికి చెల్లదు.

మఱియొక ప్రశ్న. బ్యాంకులలో లెక్కలు చూచుటకు నిపుణులు కలరు. వారికి జామీను చూపి 9 గాని, 10 గాని వడ్డీకి అప్పు పొందగల కంపెనీ, 12 ఇచ్చెదనని రిటైరయిన ఉపాధ్యాయుని గుమ్మము నేల తట్టుచున్నది? ఊరక రారు మహానుభావులు. లెక్క తెలిసినవాడు ఈయని అప్పునే, లెక్క తెలియనివానిని అడుగుచున్నారేమో యని యొకమారు తలచుకొనుట లోభము కాదు, నేరమును కాదు.

ఇది యూహాగానము కాదు. జర్మనీ దేశమున ఇట్జెహో పట్టణమున ప్రోకాన్ అను కంపెనీ యుండెడిది. గాలిమరల నిర్మాణమునకని అది ప్రజలనుండి సొమ్ము తీసికొని, మార్కెటులో నమోదు కాని పత్రముల నిచ్చెను. ఆ పత్రములు కొన్నవారికి కంపెనీ వ్యవహారములలో ఓటు లేదు. బ్యాంకులు మిక్కిలి స్వల్పమైన వడ్డీ నిచ్చుచున్న ఆ కాలమున ఏటికి నూటికి 6 తక్కువ కాకుండ ఇచ్చెదమని చెప్పిరి. బస్సులపై ప్రకటనలు, ఇంటింటికి కరపత్రములు, బ్యాంకుల దురాశకు దూరముగా, ప్రకృతికి దగ్గరగా నుండుడను బోధ. సుమారు 75,000 మంది కలిసి దాదాపు 140 కోట్ల యూరోలు సమర్పించిరి. వారిలో పెక్కురు మదుపుదారులు కారు, సామాన్య గృహస్థులు. 2014 జనవరిలో కంపెనీ వారికందరకు లేఖలు వ్రాసెను: "మీ సొమ్ము వెనుకకు తీసికొనవలదు, తీసికొన్నచో దివాలా తప్పదు." ఆ నెల 22వ తేదీననే దివాలా దరఖాస్తు పడెను.

ఇచట గమనింపవలసిన దేమనగా, గాలిమరలు బూటకము కావు. అవి పొలములలో నిజముగా నిలిచి తిరుగుచుండెను. విద్యుత్తు నిజముగా పుట్టుచుండెను. చెడినది గాలిమర కాదు, అప్పు పద్ధతి. గాలిమర పెట్టుబడి తిరిగి వచ్చుటకు పదునైదు ఇరువది యేండ్లు పట్టును. పత్రముదారు మాత్రము స్వల్పకాలపు నోటీసుతో సొమ్ము అడుగవచ్చును. ఇరువది యేండ్లకు ఫలించు తోటను, వచ్చే నెల తీర్చవలసిన చేబదుళ్లతో నాటినట్లయినది. పైగా గాలికని యిచ్చిన సొమ్ములో కొంత కలప కర్మాగారమునకును, నూనె మిల్లునకును పోయెను. మదుపుదారులు పెట్టినదానిలో పెద్ద భాగమును కోల్పోయిరి. తుదకు 2015లో అప్పులవారు ఒక పెద్ద విద్యుత్ సంస్థకు అమ్మివేయుటకు సమ్మతింపక, ఆ కంపెనీని సహకార సంఘముగా మార్చుకొనిరి. మొదట లేని ఓటు అంత నష్టమునకు తరువాత చేతికి వచ్చెను. అదే యేట జర్మనీ ప్రభుత్వము చిన్న మదుపుదారుల రక్షణకై క్రొత్త చట్టము చేసెను.

ఇంగ్లాండులో 2014లో సెక్యూర్డ్ ఎనర్జీ బాండ్స్ అను కంపెనీ, పాఠశాలల పైకప్పులపై సౌరఫలకములు పెట్టెదమని నూటికి 6.5 వడ్డీకి 75 లక్షల పౌండ్లు సేకరించెను. పాఠశాల, సూర్యుడు, పిల్లలు: ఇంతకన్న పుణ్యప్రదమైన కలయిక యేది? పేరులోనే 'సెక్యూర్డ్' అను మాట, అనగా జామీను గలదను భావము. 2015 ఆరంభముననే అది చేతులెత్తెను. సేకరించిన సొమ్ములో అధిక భాగము ఆస్ట్రేలియాలోని మాతృసంస్థకు తరలిపోయి యుండెను. పేరులో నున్న జామీను పెట్టెలో లేకపోయెను. హరితమను పేరు లేకున్నను ఇదే తెగకు చెందిన పత్రములను అమ్మిన లండన్ క్యాపిటల్ అండ్ ఫైనాన్స్ 2019 జనవరిలో కూలినపుడు దాదాపు 11,600 మందికి చెందిన 23.7 కోట్ల పౌండ్లు చిక్కుకొనెను. అందు నూటికి 25 వంతున ప్రచారము చేసినవారికి కమీషనుగా పోయెనని తరువాత బయలుపడెను. నాలుగవ వంతు బాటలోనే పోయిన సొమ్ము, అసలుతో పాటు ఎనిమిది వడ్డీని ఎట్లు సంపాదించి తేగలదో కొనువారిలో ఎవరును అడుగరైరి; అడుగుటకు వారికి తెలియనైన తెలియదు. ఇట్టి పత్రములను సామాన్యులకు ప్రచారము చేయుటను ఆ దేశపు అధికారులు 2020లో తాత్కాలికముగను, 2021 నుండి శాశ్వతముగను నిషేధించిరి.

దూరదేశముల మాట మన కేల యందురేమో. గత శతాబ్దపు చివరి దశకమున మన దక్షిణదేశములోనే టేకు మొక్కల కంపెనీలు పుట్టగొడుగుల వలె మొలచెను. ఒక్క మొక్కకు కొన్ని వేలు కట్టినచో ఇరువది యేండ్లకు లక్షలగునని ప్రకటనలు. అడవి పెరుగును, పిల్లల చదువు సాగును, పెండ్లి జరుగును. చెన్నపట్టణమున అనుభవ్ ప్లాంటేషన్స్ 1998లో కూలినది. మరుసటి యేట సెబీ ఇట్టి సామూహిక మదుపు పథకములకు నియమావళిని ఏర్పఱచెను. టేకు చెట్టు అబద్ధమాడలేదు. అది దాని తీరున మెల్లగా పెరుగుచుండెను. దాని పేర వ్రాసిన వాగ్దానములే చెట్టుకన్న వేగముగా పెరిగెను.

ఇక మా విచారమునకు మూలమైన ధర్మమును చెప్పెదము. దానము వేరు, ఋణము వేరు. దాత తిరిగి యాశింపడు. పోయినను తాను తలచిన కార్యమునకే పోయినదని తృప్తి పడును. ఋణదాత అసలును వడ్డీని ఆశించును; కావున ఎదుటివాని శక్తిని, నడవడిని, లెక్కలను విచారించుట వాని విధి. ఈ రెండును గౌరవనీయములే. కాని అధికవడ్డీ హరిత పత్రము ఈ రెండింటిని ఒక్క పద్దులో వ్రాయించుచున్నది. విచారింపవలసి వచ్చినపుడు, "ఇది పుణ్యకార్యము కదా, అంత శంకింప నేల?" యని దాతవలె మాటాడుదుము. వడ్డీ లెక్కించుకొనునపుడు ఋణదాతవలె వ్రేళ్లు మడచుదుము. దాతకు గల ఔదార్యము గాని, ఋణదాతకు గల జాగరూకత గాని మనయందు ఉండదు. నిజమునకు గీత దానమునకే దేశకాల పాత్రముల నియమమును విధించినది. అపాత్రదానమే దోషమైనచో, అపాత్రఋణమును ఏమనవలెను? ప్రకృతికై ఇవ్వదలచినవారు ఇత్తురు గాక. ఊరిచెరువు పూడిక తీయుటకో, చెట్లు నాటుటకో పదివేలు ధారపోయుడు. అది దానము. అప్పు ఇవ్వదలచినచో అప్పులవానివలె కన్నులు తెఱచి యిండు. రెండు ఖాతాలను కలుపకుడు.

విచారింపకుండుటవలన మన యొక్కరికే నష్టమని యనుకొనరాదు. మన చేతిలోని సొమ్ము మన యొక్కరిది కాదు. అందు ఇల్లాలి ముప్పది యేండ్ల పొదుపు కలదు; కుమార్తె పైచదువు కలదు; వృద్ధులైన తల్లిదండ్రుల మందులు కలవు. వారి నడుగక, వారి భాగమును కూడ మన పుణ్యపు ఖాతాలో పెట్టుట ఏ ధర్మము? రెండవది, ఆ సత్కార్యమునకే హాని. ఒక సౌరకంపెనీ మునిగిననాడు వీధి వీధియు, "సౌరశక్తి యంతయు మోసమే" యనును. అటుపిమ్మట నిజాయతీపరుడు వచ్చి తలుపు తట్టినను తెఱచువారుండరు. కావున ప్రశ్నించుట ఆ కార్యముపై అవిశ్వాసము కాదు. దానికి మనము చేయగల సేవలలో నొకటి.

"అందరు నిట్లు శంకించినచో క్రొత్త పనులెట్లు సాగును?" అని కొందరు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగెన్ తీరమున సముద్రములో 2000 సంవత్సరమున ఇరువది గాలిమరలు వెలసినవి. మిడెల్‌గ్రుండెన్ అను ఆ క్షేత్రములో సగము భాగము ఎనిమిది వేలకు మించిన సామాన్య సభ్యుల సహకార సంఘమునకు చెందినది. వారు గాలిమరలకు యజమానులు. లెక్కలు చూచుటకు, సభలో ప్రశ్నించుటకు, ఓటు వేయుటకు హక్కు గలవారు. మన దేశముననే ఇందూరు నగరపాలక సంస్థ 2023 ఫిబ్రవరిలో, నర్మదా జలములను ఎత్తిపోయుటకు వలయు విద్యుత్తునకై సౌరకేంద్రమును నిర్మింపదలచి, 244 కోట్ల రూపాయల హరిత పత్రములను 8.25 వడ్డీకి సామాన్య ప్రజలకే బహిరంగముగా అమ్మెను. అవి మార్కెటులో నమోదైనవి. ప్రాస్పెక్టసు అందరికి అందుబాటులో నుండెను. అదే యేడు జనవరిలో భారత ప్రభుత్వమే మొట్టమొదటగా హరిత బాండ్లను వెలువరించెను. వెలుతురులో సాగు హరిత కార్యములు కలవు. కాని అందు వడ్డీ అంత యూరించునట్లుండదు. అపాయము తగ్గినకొలది వడ్డీయు తగ్గును. ఆ తగ్గిన వడ్డీని చూచి పెదవి విఱిచి, 12 వైపు పరుగెత్తువాడు ప్రకృతిని ప్రేమించుచున్నాడా, వడ్డీని ప్రేమించుచున్నాడా? ఈ ప్రశ్నను ఎవరికి వారే వేసికొనవలయును.

"ప్రభుత్వము చూచుకొనదా?" యను మాట ఇంకొకటి. మన కంపెనీల చట్టము ప్రకారము ఒక యేటిలో 200 మందికి మించిన సామాన్యులకు ఇట్టి పత్రములను అమ్మజూపుట బహిరంగ విక్రయమగును. అట్టి విక్రయమునకు ప్రాస్పెక్టసు, మార్కెటులో నమోదు తప్పనిసరి. ఈ హద్దును దాటి నమోదు కాని పత్రములను అమ్ముచున్న వేదికలను గూర్చి సెబీ 2024 నవంబరులో ప్రజలను హెచ్చరించెను. కాని హెచ్చరిక వెలువడునప్పటికి కొందరి సొమ్ము చేయి దాటియే యుండును. చట్టము వాకిటి తలుపు వంటిది. గడియ వేయవలసినది ఇంటివారే.

మొదటిసారి సొమ్ము పెట్టువారికి మా సూచనలు కొన్ని. అప్పు తీసికొనుచున్నది ఏ పేరుగల కంపెనీయో, దాని గత సంవత్సరముల లెక్కలు ఎక్కడ దొరకునో అడుగుడు. వడ్డీ ఏ ఆదాయమునుండి వచ్చునో, అమ్మిన విద్యుత్తునుండియో, రేపు చేరబోవు మదుపుదారుల సొమ్మునుండియో తెలిసికొనుడు. కంపెనీ మునిగినచో తొలుత సొమ్ము పొందువారెవరు, మన వంతు ఎన్నవది? జామీను కలదన్నచో ఆ జామీను ఏది, ఎవరి అధీనమున నున్నది? నడుమ అక్కర పడినచో సొమ్ము తిరిగి వచ్చు మార్గమేది? అమ్ముచున్నవానికి కమీషను ఎంత? ఈ తుది ప్రశ్న మిక్కిలి ముఖ్యము. ఏలయన మన యిండ్లకు ఇట్టి పత్రములను తెచ్చువాడు తఱచు పరాయివాడు కాడు, మేనమామ కుమారుడో, పూర్వ సహోద్యోగియో అగును. బంధువు మొగము చూచి సంతకము చేయుదుము. బంధుత్వము కూడ పూచీ పడదు. వాడు మోసగాడు కానక్కర లేదు. వానికిని తెలియకుండుటయే సామాన్యము. ఈ ప్రశ్నలకు వ్రాతమూలమైన సమాధానము రానిచో లేచి రావలయును. వచ్చినను, పోయినచో ఇంటిలో పొయ్యి ఆరని, పిల్లల జీతములు ఆగని మొత్తమునకు మించి పెట్టరాదు.

ఇంకొక మాట. ఇంటిలో ఏ పత్రము కొన్నను భార్యాభర్తలిరువురును కూర్చుండి చదివి, ఇరువురును ఒప్పుకొనిన తరువాతనే కొనవలయును. స్త్రీలకు లెక్కలు తెలియవనుట అవివేకము; నెలజీతముతో నెలను ఈడ్చుకొని వచ్చుచున్నది వారే. భర్త ఫోనులోని పాస్‌వర్డుల వెనుక దాగిన పత్రముల సంగతి, ఆయన పోయిన పిదప గాని భార్యకు తెలియని ఇండ్లు ఎన్నియో కలవు. భర్త దాచవలసి వచ్చిన మదుపు తఱచు చేయరాని మదుపే. "ఇది యెట్లు తీరును?" అని ఇల్లాలు అడిగిన ప్రశ్నకు భర్త సమాధానము చెప్పలేకపోయినచో, ఆ సమాధానము కంపెనీ కూడ చెప్పలేదని యనుకొనుట మేలు.

ధర్మము మనలను గ్రుడ్డివారిని చేయుటకు పుట్టలేదు. సత్కార్యమును ప్రేమించువాడు దాని లెక్కలను కూడ ప్రేమింపవలయును. దేవాలయము కట్టువాడు పునాది లోతు నడిగినచో నాస్తికుడు కాడు. గాలియు ఎండయు అందరివి, ఉచితములు. వాని పేర అడుగబడు సొమ్ము మాత్రము మనది, మన పిల్లలది. ఈ భేదమును మఱవని గృహస్థుడు భూమికిని మేలు చేయును, ఇంటికిని మేలు చేయును.